దీర్ఘకాలిక జబ్బు కొత్తగా బయటపడ్డాక మొదటి మూడు నెలలు: మనసు కుదుటపడే దారి, ఒక్కో మెట్టు

షుగరు, బీపీ, థైరాయిడ్, కీళ్ళవాతం (రుమటాయిడ్ ఆర్థరైటిస్), కిడ్నీ జబ్బు, ఆస్తమా, మూర్ఛ. వీటిలో ఏది బయటపడ్డా డాక్టరు గారి గదిలో జరిగేది దాదాపు ఒకటే. మందులు రాస్తారు, ఏం తినకూడదో చెప్తారు, రివ్యూకి ఎప్పుడు రావాలో చెప్తారు. బయట టోకెన్లు పట్టుకుని బోలెడు మంది కూర్చుని ఉంటారు కాబట్టి లేచి వచ్చేస్తాం. "ఇది జీవితాంతం ఉంటుంది, జాగ్రత్తగా చూసుకోవాలి" అన్న మాట మాత్రం మనతో పాటే ఇంటికి వస్తుంది. దాన్ని ఏం చేసుకోవాలో చీటీ మీద రాసి ఉండదు.

గుంటూరు కొత్తపేటలోనో, బెజవాడ సూర్యారావుపేటలోనో రిపోర్టు చేతపట్టుకుని ఆసుపత్రి మెట్లు దిగినవాళ్ళ కోసం, వాళ్ళ ఇంట్లోవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. నాకు కీళ్ళవాతం ఉంది, మా ఇంట్లో షుగరు తరాలుగా ఉంది. ఇక్కడ చెప్పేవాటిలో కొన్ని అలా తెలిసినవి, ఎక్కువ భాగం మానసిక వైద్యులు వాడే పద్ధతులే. మందుల సంగతి మీ డాక్టరుదే.

చాలామంది "ముందు మనసు కుదుటపడనీ, తర్వాత మందులూ నడకా సంగతి చూద్దాం" అంటారు. నేను దీన్ని తిరగేసి చెప్తాను. జబ్బుకి రోజులో ఒక చోటూ ఒక వేళా ఇచ్చేస్తే మనసు మెల్లగా దాని వెనకాల వస్తుంది. ఒప్పుకోలు ముందు రావాలని కూర్చుంటే అది రాదు, ఈలోగా మూడు నెలలు గడిచిపోతాయి.

మెట్టు 1. మొదటి వారం: తప్పనిసరి పని ఒక్కటే

మొదటి వారం బుర్ర సరిగ్గా పనిచేయదు. డాక్టరు చెప్పినవాటిలో చాలా భాగం గుర్తుండదు. అన్నం సయించదు, నిద్ర పట్టదు, లేదంటే ఏమీ జరగనట్టే ఉంటుంది. కొందరికి ఇంట్లోవాళ్ళ మీద కోపం వస్తుంది. కొందరికి ఊరటగా కూడా ఉంటుంది. ఏడాదిగా ఒళ్ళు నొప్పులంటే "గ్యాసేలే", "వయసొచ్చింది కదా" అన్నవాళ్ళకి చూపించడానికి చివరికి ఒక పేరు దొరికింది కదా! ఇవన్నీ మామూలే. జబ్బు తెలిశాక అయిదు దశలు (కాదనుకోవడం, కోపం, బేరం, దిగులు, ఒప్పుకోలు) వరసగా వస్తాయని వాట్సాప్‌లో తిరుగుతుంటుంది. ఆ అయిదు దశల మాట 1969లో, చావుకి దగ్గరలో ఉన్న రోగులతో మాట్లాడిన అనుభవంతో పుట్టింది. షుగరు మాత్ర వేసుకుంటూ ముప్ఫై ఏళ్ళు బతకబోయేవాళ్ళకి అవి వరసగా రావాలని ఏమీ లేదు. మంగళవారం ఒప్పేసుకున్న జబ్బు మీద శుక్రవారం మళ్ళీ మండిపడొచ్చు.

అందుకని ఈ వారం డాక్టరుని ఒక్కటే అడగండి: "ఈ వారంలో నేను తప్పక చేయాల్సింది ఏంటండీ?" టైప్ 1 షుగరు (ఒంట్లో ఇన్సులిన్ తయారవ్వని రకం) అయితే ఇన్సులిన్ ఒక్కరోజు కూడా ఆగదు. మూర్ఛ మాత్రలూ అంతే. చాలా జబ్బుల్లో మాత్రం జవాబు చిన్నదే: ఫలానా మాత్ర మొదలుపెట్టండి, ఫలానా పరీక్ష చేయించండి. అది చేయండి. మిగతాది వచ్చే వారం.

ఈ నెలలో వద్దనేవి కొన్ని ఉన్నాయి. ఉద్యోగం మానేయడం, దుకాణం ఎవరికో అప్పజెప్పడం, పొలం పిల్లల పేరున రాసేయడం, "నేనుండగానే" అంటూ అమ్మాయి పెళ్ళి తొందరపెట్టడం. భయంలో తీసుకున్న నిర్ణయాన్ని తర్వాత వెనక్కి తిప్పడం జబ్బు కంటే కష్టం.

"ల్యాబ్ వాళ్ళు తప్పు చేసుంటారు" అన్న అనుమానం వస్తే ఇంకోసారి పరీక్ష చేయించుకోండి, తప్పేం లేదు. లక్షణాలేవీ లేకుండా షుగరు బయటపడితే డాక్టర్లే రెండోసారి చూసి ఖాయం చేస్తారు. పరగడుపున 126, లేదా హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగరు చెప్పే రక్తపరీక్ష) 6.5, లేదా అంతకంటే ఎక్కువ రెండుసార్లు కనిపిస్తే అది షుగరే. రెండో డాక్టరు అభిప్రాయం కూడా మంచిదే. అన్ని రిపోర్టులూ ఒక ఫైల్లో పెట్టుకుని, మంగళగిరి ఎయిమ్స్‌కో, మీకు నమ్మకమున్న ఇంకో చోటికో ఒక్కసారి వెళ్ళండి. ఇద్దరూ ఒకటే చెప్పాక మూడో ల్యాబూ నాలుగో డాక్టరూ అంటే మాత్రం అది తప్పించుకు తిరగడమే. మందు మొదలుపెట్టకుండా తిరిగే ప్రతి నెలా జబ్బు తన పని తాను చేసుకుంటూనే ఉంటుంది.

మెట్టు 2. భయాన్ని అయిదు ప్రశ్నలుగా కాగితం మీద పెట్టండి

ప్రతి మనిషీ తన జబ్బు గురించి లోపల ఒక కథ అల్లుకుంటాడు. ఆ కథలో ఎప్పుడూ అయిదు సంగతులుంటాయి. ఈ జబ్బేంటి? ఎందుకొచ్చింది? ఎన్నాళ్ళుంటుంది? దీనివల్ల ఏమవుతుంది? నా చేతిలో ఏముంది? మనం చేసే పనులు రిపోర్టుని బట్టి కాక ఈ కథని బట్టే ఉంటాయి. తెనాలిలో బాబాయికి షుగరుతో కాలు తీసేశారు. ఆ తర్వాత ఆ ఇంట్లో ఎవరికి షుగరొచ్చినా, నాలుగో ప్రశ్నకి జవాబు "కాలు పోతుంది" అని ముందే రాసేసుకుని ఉంటారు. బాబాయి పదేళ్ళు మాత్రలు ఎగ్గొట్టాడనీ, అరికాలి పుండుని నెలల తరబడి కట్టుకట్టి దాచాడనీ ఆ కథలో ఉండదు.

కాబట్టి ఒక కాగితం తీసుకుని అయిదు ప్రశ్నలూ రాసి, మీ మనసు ఇప్పుడు ఏం చెప్తోందో దాన్నే జవాబుగా రాయండి. సిగ్గుపడొద్దు. "దిష్టి తగిలింది", "అన్నం మానేస్తే పోతుంది", "అయిదేళ్ళకి మించి బతకను", ఏదైనా సరే. ఆ కాగితమే రివ్యూకి తీసుకెళ్ళండి.

రద్దీగా ఉన్న ఓపీలో ఇదంతా అడగడానికి టైమెక్కడిది అంటారా? కొంచెం ఉపాయం కావాలి. కాగితం పైన మూడంటే మూడు ప్రశ్నలు, అన్నిటికంటే భయపెట్టేది మొదట. "ఎలా ఉందమ్మా?" అని అడగగానే "మూడు అడగాలండి" అని కాగితం బల్ల మీద పెట్టండి. నోటితో మొదలుపెడితే మోకాళ్ళ దగ్గర మొదలై అల్లుడి ఉద్యోగం దాకా వెళ్ళిపోతాం. తోడుగా ఒకరిని తీసుకెళ్ళండి, ఆ మనిషి పని వినడం, రాసుకోవడం మాత్రమే. డాక్టరు ఒప్పుకుంటే ఫోన్లో రికార్డు చేసుకోండి. లేచే ముందు "అంటే నేను ఇలా చేయాలన్నమాట, అంతేనాండి?" అని మీ మాటల్లో తిరిగి చెప్పండి. తప్పు అర్థమైందేదైనా ఉంటే అక్కడే దొరికిపోతుంది. మెథోట్రెక్సేట్ లాంటి మందు విషయంలో ఇది ప్రాణాల మీదికి వచ్చే సంగతి. కీళ్ళవాతానికి దాన్ని వారానికి ఒక్కసారే ఇస్తారు, రోజూ వేసుకుంటే విషమవుతుంది. నేను ఆ రోజుని క్యాలెండర్లో ఎర్రగా సున్నా చుట్టి పెట్టుకుంటాను.

ఇంటర్నెట్ గురించి కూడా ఇక్కడే చెప్పాలి. చదవొద్దంటే ఎవరూ వినరు, కాబట్టి పగలు చదవండి. రాత్రి తొమ్మిది దాటాక జబ్బు పేరు ఫోన్లో కొట్టొద్దు. యూట్యూబ్‌లో "ఈ ఒక్క ఆకుతో కిడ్నీలు కొత్తవి" అన్న వీడియో ఒకటి చూస్తే ఆ రాత్రంతా అలాంటివే వస్తాయి. చదివినదాంట్లో భయపెట్టింది ఏదైనా ఉంటే పై కాగితంలో నాలుగో ప్రశ్న కింద చేర్చండి.

మెట్టు 3. "నా వల్లే వచ్చిందా?"

ఈ ప్రశ్న రాత్రిళ్ళు వస్తుంది. మన దగ్గర దీనికి జవాబులు కూడా రెడీగా ఉంటాయి: పోయిన జన్మ కర్మ, ఏలినాటి శని, ఎవరి కన్నో. చదువుకున్నవాళ్ళ ఇళ్ళల్లో అదే మాటకి కొత్త చొక్కా వేస్తారు: "నువ్వు టెన్షన్ ఎక్కువ పడతావు, అందుకే వచ్చింది."

కీళ్ళవాతం, టైప్ 1 షుగరు, చాలా రకాల థైరాయిడ్ జబ్బులు ఒంట్లోని రక్షణ వ్యవస్థ దారితప్పి సొంత కణాల మీదే పడటం వల్ల వస్తాయి. మీరు తిన్నదానికీ చేసిన పాపానికీ సంబంధం లేదు. ఎక్కువమందికి ఉండే టైప్ 2 షుగర్లో వంశం, బరువు, కూర్చుని చేసే పని, వయసు, అన్నీ కలుస్తాయి. అందులో మీ వాటా కొంత ఉండొచ్చు. ఆ వాటాని ఒప్పుకోవడానికి ఒక పద్ధతి ఉంది: "ఎందుకొచ్చింది" అన్నదీ, "ఇప్పుడు ఎవరు చూసుకోవాలి" అన్నదీ విడివిడిగా చూడండి. మొదటిదానికి బాధ్యులు ఎంతమందైనా కావచ్చు, అది జరిగిపోయింది. రెండోది మీ పని. తప్పు తనదేనని కుమిలిపోయేవాళ్ళు మందులు బాగా వేసుకుంటారని అనుకుంటాం గానీ జరిగేది తలకిందులు. తప్పు చేశామన్న భావన ఎక్కువైతే గ్లూకోమీటరు ముఖం చూడబుద్ధి కాదు, రివ్యూకి వెళ్ళబుద్ధి కాదు.

దుర్గమ్మ కొండెక్కి మొక్కుకుంటే మనసుకి బలం వస్తుందంటే ఎక్కండి. నేనూ వెళ్తాను. ఒక్కటే షరతు, మొక్కులో మాత్ర మానేయడం ఉండకూడదు. కార్తీక సోమవారాల ఉపవాసం, రంజాన్ రోజా లాంటివి ఉండాలనుకుంటే ముందుగానే డాక్టరుకి చెప్పండి. కొందరికి మందుల వేళ మార్చి వీలు చూపిస్తారు, కొందరికి వద్దంటారు.

మెట్టు 4. జబ్బుకి ఒక చోటు, ఒక వేళ

ఇదే అసలు మెట్టు, అందుకే దీని దగ్గర ఎక్కువసేపు ఆగుతున్నాను.

కొత్తగా జబ్బొచ్చిన ఇంట్లో అది అన్నిచోట్లా ఉంటుంది. టీవీ మీద మాత్రల స్ట్రిప్పు, ఫ్రిజ్ మీద రిపోర్టు, దిండు కింద ఇన్‌హేలర్, ప్రతి మాటలో "నీకసలే బాలేదు కదా". దాన్నంతా తీసి ఒక్క డబ్బాలో పెట్టండి. మందులు, ఫైలు, గ్లూకోమీటరో బీపీ మెషీనో, పెన్ను, చిన్న నోట్‌బుక్, అన్నీ ఒకే చోట. (ఇన్‌హేలర్ అయితే ఇంకొకటి జేబులో కూడా ఉండాలి.)

తర్వాత వేళ. "పొద్దున్నే వేసుకుంటా" అనేది వేళ కాదు. రోజూ ఎలాగూ జరిగే పనికి ముడేయండి: "కాఫీ గ్లాసు సింకులో పెట్టగానే బీపీ మాత్ర", "గుమ్మం ముందు ముగ్గు వేసి లోపలికి రాగానే షుగర్ చెక్", "రాత్రి గేటు తాళం వేయగానే రాత్రి మందు". థైరాయిడ్ మాత్ర పరగడుపున వేసుకోవాలి, కాఫీకి కనీసం అరగంట ముందు. అది నిద్రలేవగానే మంచం పక్కన నీళ్ళ గ్లాసుతో ఉండాలి. మనసు బాగున్నా బాగోకపోయినా కాఫీ తాగుతాం కదా, మందు కూడా దాని వెంటే వెళ్ళిపోతుంది. రోజూ కొత్తగా నిర్ణయం తీసుకోవాల్సిన పని ఉండదు. మనిషి అలిసిపోయేది మాత్ర మింగడంతో కంటే "వేసుకోవాలా, ఇవాళొకరోజు మానేద్దామా" అన్న బేరంతోనే.

మొత్తం కలిపితే ఇది రోజుకి అరగంట పని, నడక ఉంటే గంట. డబ్బా మూసేశాక మిగతా రోజు మీది. ఆ మధ్యలో ఎవరైనా జబ్బు మాటెత్తితే "డబ్బా తీసినప్పుడు మాట్లాడుకుందాం" అనండి. మొదట్లో నవ్వుతారు. నవ్వనీండి.

ఇక నంబర్లు. మన రెండు ఊళ్ళూ కోచింగ్ సెంటర్ల ఊళ్ళు. నంబరు కనిపిస్తే ర్యాంకు అనుకునే అలవాటు మనకి ఎల్‌కేజీ నుంచీ ఉంది. షుగరు 180 వస్తే ఫెయిలైనట్టు తల దించుకుంటారు, 110 వస్తే మైసూర్‌పాక్‌తో పండగ. రీడింగుని మార్కుల్లా చూడకుండా దాని పక్కన ఒక ముక్క రాయండి: "నిన్న రాత్రి ఆలస్యంగా భోజనం", "జలుబు", "పెళ్ళి". నెల తిరిగేసరికి నోట్‌బుక్కే మీకు చెప్తుంది ఏం చేస్తే ఏమవుతోందో. చెప్పిన దానికంటే ఎక్కువసార్లు చెక్ చేయడం కూడా భయం పనే. రోజుకి రెండుసార్లంటే రెండుసార్లే. ఒంట్లో తేడాగా ఉన్నప్పుడు మాత్రం ఆ లెక్క వర్తించదు.

పరీక్షకి ముందు రెండు రోజులు కడుపు మాడ్చుకుని వెళ్ళేవాళ్ళు మన చుట్టాల్లో ప్రతి ఇంట్లో ఒకరుంటారు. హెచ్‌బీఏ1సీ గత రెండు మూడు నెలల సగటు చెప్తుంది, ఎందుకంటే అది చూసేది దాదాపు 120 రోజులు బతికే ఎర్ర రక్తకణాల్ని. రెండు రోజుల ఉపవాసం దాని ముందు పారదు. ఎవరిని మోసం చేయబోతున్నామో ఒకసారి ఆలోచించుకుంటే నవ్వొస్తుంది.

మెట్టు 5. మనుషులు

మన దగ్గర జబ్బు ఒక్కరిది కాదు, వీధి మొత్తానిది. ఎవరికి ఎంత చెప్పాలో మీరు తేల్చుకోకపోతే వాళ్ళే తేల్చుకుంటారు. మూడు వరసలు పెట్టుకోండి. ఇంట్లో ఉండేవాళ్ళకి పూర్తిగా చెప్పాలి, అత్యవసరమైతే ఏం చేయాలో సహా. పనిచేసే చోట ఒక్కరికి అవసరమైనంత చెప్పాలి: "నాకు షుగరు పడిపోతే చెమటలు పడతాయి, చక్కెర నీళ్ళివ్వండి, స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయండి." మిగతా లోకానికి ఒక్క వాక్యం చాలు: "బానే ఉన్నానండీ, మందులు వాడుతున్నా."

ఇంట్లోవాళ్ళ ప్రేమ పోలీసు డ్యూటీగా మారడం ఎక్కువ ఇళ్ళల్లో జరిగేదే. కంచం దగ్గర "ఆ ముద్ద చాలు, ఇంక పెట్టుకోకండి" అని ఆవిడ అంటారు. ఆయన మాట్లాడకుండా లేచిపోయి, సాయంత్రం సెంటర్లో రెండు మిర్చి బజ్జీలు తినొస్తారు. ఇద్దరికీ కడుపు మంట. దీనికి ఒక ఒప్పందం పనికొస్తుంది. జబ్బు గురించిన ఫిర్యాదులన్నీ వారానికి ఒక్కసారే, ఆదివారం టిఫిన్ తర్వాత పావుగంట, నోట్‌బుక్ ముందు పెట్టుకుని. భోజనం దగ్గర నోరెత్తకూడదు. దానికి బదులుగా ఇంటిల్లిపాదీ దాదాపు అదే భోజనం చేయాలి. ఒక్కరికే చప్పిడి కూర వండి పక్కన పెడితే తినే మనిషి ఇంట్లో వేరుపడిపోతాడు. అందరికీ ఉప్పు తగ్గితే పోయేదేం లేదు. రోజుకి మొత్తం ఉప్పు 5 గ్రాములు, అంటే ఒక చిన్న చెంచా దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది బీపీ లేనివాళ్ళకి కూడా. గుంటూరులో ఆవకాయ వద్దని చెప్పేంత ధైర్యం నాకు లేదు. బీపీ ఉన్నవాళ్ళు డాక్టరు చెప్పిన లెక్కలో, ఎప్పుడో ఒకసారి ఒక చిన్న ముక్కతో సరిపెట్టుకోవాలి.

పెళ్ళి భోజనాల్లో పిన్ని వస్తుంది. "ఒక్క బొబ్బట్టు తింటే ఏమవుద్దే, రాత్రికి ఇంకో మాత్రేసుకో." మాత్రలు అలా కలపకూడదని ఆవిడకి అక్కడ పాఠం చెప్పలేం. "సగం పెట్టు పిన్నీ, అన్నం తగ్గించుకుంటా" అంటే గొడవుండదు, నిజంగా సగమే తినొచ్చు కూడా. అన్నిటికీ "నాకొద్దు, నాకు జబ్బు" అనేవాళ్ళు నాలుగు ఫంక్షన్ల తర్వాత ఫంక్షన్లకి వెళ్ళడమే మానేస్తారు. నా లెక్కలో ఆ నష్టం సగం బొబ్బట్టు కంటే పెద్దది.

నాటుమందు చెప్పే బాబాయికి ఇంకో జవాబు. "అలాగే బాబాయ్, పేరు రాసివ్వు, రివ్యూలో డాక్టరు గారికి చూపిస్తా." అక్కడితో మాట ఆగిపోతుంది, మర్యాదా దక్కుతుంది. పేరూ ఊరూ లేని పొట్లాల్లో, ముఖ్యంగా కీళ్ళ నొప్పుల పొడుల్లో, స్టెరాయిడ్లూ సీసం లాంటి లోహాలూ దొరికిన సందర్భాలున్నాయి. మంచి మనసుతో తెచ్చేవి కూడా చెరుపు చేయొచ్చు. ఎండాకాలంలో కిడ్నీ పేషెంటుని చూడ్డానికి వచ్చేవాళ్ళంతా కొబ్బరి బొండాలు తెస్తారు. వాటిలో పొటాషియం ఎక్కువ. కిడ్నీలు దాన్ని బయటికి పంపలేని స్థితిలో అది గుండెకి ప్రమాదం.

పెళ్ళి కావాల్సిన పిల్లల సంగతి ఇంకా చిక్కు. దాచి చేయమనే పెద్దలే ఎక్కువ. నేను ఒప్పుకోను. దాచిన జబ్బుకి మందులు కూడా దాచి వేసుకోవాలి, అత్తగారింట్లో వారం తిరక్కుండానే ఎగ్గొట్టడం మొదలవుతుంది. మూర్ఛ మాత్రలు హఠాత్తుగా ఆపితే ఫిట్స్ తిరగబడతాయి. నిశ్చితార్థానికి ముందే, అబ్బాయీ అమ్మాయీ ఇద్దరూ కూర్చుని, వీలైతే డాక్టరు దగ్గరే మాట్లాడుకోవడం మేలు. మూర్ఛ ఉంటే పెళ్ళి చెల్లదన్న మాట ఇంకా తిరుగుతోంది. హిందూ వివాహ చట్టం నుంచి మూర్ఛ అన్న పదాన్ని 1999లోనే తీసేశారు.

మెట్టు 6. రాత్రిళ్ళు

పగలు పనుల్లో పడి మర్చిపోయింది పక్క మీద వాలగానే వస్తుంది. దాన్ని రావొద్దంటే ఇంకా వస్తుంది. దానికీ ఒక వేళ పెట్టండి. సాయంత్రం ఆరున్నరకి ఇరవై నిమిషాలు, నోట్‌బుక్ వెనక పేజీలో, వచ్చిన ప్రతి భయాన్నీ ఒక్కో లైనుగా రాయండి. పక్కన రెండే మాటల్లో ఒకటి: "చేయొచ్చు" లేదా "చేయలేను". చేయొచ్చు అన్నదానికి ఎప్పుడు, ఎలా అని రాయండి. చేయలేనిది రాసి వదిలేయండి. రాత్రి రెండింటికి అదే భయం మళ్ళీ వస్తే "రేపు ఆరున్నరకి" అని చెప్పుకోవాలి. మొదటి వారం పనిచేయదు. రెండో వారంలో కొంచెం తెలుస్తుంది.

"నా కిడ్నీలు పోతాయి" లాంటి వాక్యాన్ని తేదీ వేసి తిరగరాయండి: "ఈ నెల క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష) ఇంత ఉంది, మళ్ళీ ఫలానా తేదీన చూస్తారు, ఈలోగా బీపీ అదుపులో పెట్టుకోవడం నా పని." ఇందులో అబద్ధపు ధైర్యం ఏమీ లేదు, మొదటి వాక్యంలో కంటే నిజం ఎక్కువ ఉంది, అంతే. గుండె దడగా ఉంటే నాలుగు లెక్కపెడుతూ గాలి పీల్చి ఆరు లెక్కపెడుతూ వదలండి, అయిదు నిమిషాలు. బయటికి వదిలే గాలి పొడుగ్గా ఉండటం ముఖ్యం.

అయితే దడ వచ్చిన ప్రతిసారీ అది మనసు పనే అనుకోవద్దు. షుగరు మందులో ఇన్సులినో వాడేవాళ్ళకి చెమటలు, వణుకు, దడ వస్తే ముందు గ్లూకోమీటరు తీయండి. 70 కంటే తక్కువుంటే మూడు చెంచాల చక్కెర నీళ్ళలో కలిపి తాగి, పావుగంటకి మళ్ళీ చూడండి. థైరాయిడ్ తక్కువగా ఉంటే దిగులు, మందకొడితనం, నిద్రమత్తు దానివల్లే రావొచ్చు. మందు మొదలుపెట్టాక టీఎస్‌హెచ్ (థైరాయిడ్ రక్తపరీక్ష) మళ్ళీ చూసేది ఆరు నుంచి ఎనిమిది వారాలకి, అప్పటిదాకా "నేనింతేనేమో" అని తేల్చుకోవద్దు. స్టెరాయిడ్లు నిద్రనీ మూడ్‌నీ తారుమారు చేయగలవు. మెట్‌ఫార్మిన్ అనే షుగరు మాత్ర ఏళ్ళ తరబడి వాడితే కొందరిలో బీ12 విటమిన్ తగ్గి నీరసం, తిమ్మిర్లు వస్తాయి. ఛాతీలో నొప్పి, ఆయాసంతో వచ్చే దడకి ఈ చిట్కాలేవీ వద్దు, నేరుగా ఆసుపత్రికే.

మెట్టు 7. జబ్బుతో సంబంధం లేని పనులు

వారానికి కనీసం రెండు, క్యాలెండర్లో రాసి మరీ. నడక లెక్కలోకి రాదు, పాపం అది కూడా వైద్యమైపోయింది. సాయంత్రం కృష్ణ ఒడ్డున పద్మావతి ఘాట్‌లో కూర్చోవడం, బీసెంట్ రోడ్డులో ఊరికే తిరగడం, పేకాట, భజన, మనవరాలికి ఎక్కాలు నేర్పడం, ఏదో ఒకటి. "మూడ్ వచ్చాక వెళ్తా" అంటే రాదు. ముందు వెళ్ళాలి.

కీళ్ళవాతం లాంటి, ఒంట్లో ఓపిక తగ్గించే జబ్బులకి ఇంకో సూత్రం. బాగున్న రోజు ఇల్లంతా దులిపి, దాని ఫలితంగా మూడు రోజులు మంచం పట్టడం మనందరి అలవాటు. గడియారం చూసి పని చేయండి: ఇరవై నిమిషాలు పని, పది నిమిషాలు కూర్చోవడం, బాగున్నా సరే. పొద్దున్నే కీళ్ళు బిగుసుకుపోయి ఉంటాయి కాబట్టి బరువు పనులు పదకొండు తర్వాత. బెజవాడ మే నెల ఎండల్లో మాత్రం ఆ బరువు పనుల్ని ఎండ తగ్గాక సాయంత్రానికి జరపాల్సిందే.

కొన్ని నష్టాలు మాత్రం సర్దుబాటుతో తీరవు. మిర్చి యార్డులో బస్తాల మధ్య పనిచేసేవాడికి ఆస్తమా వస్తే, మాస్కు కొంతవరకే. కుట్టుపని మీద బతికే ఆమెకి వేళ్ళు వంగకపోతే పోయింది కూలి. వాళ్ళ దగ్గర "పాజిటివ్‌గా ఆలోచించమ్మా" అనకండి. పోయినదాన్ని పోయిందని ఒప్పుకుని, ఆ బాధకి చోటిచ్చి, తర్వాత వేరే పని వెతకడంలో సాయం చేయండి.

డబ్బు భయం కూడా చాలాసార్లు జబ్బు భయం వేషంలో వస్తుంది. నెలకి మందులు, పరీక్షలు, ఆటో ఖర్చు కలిపి ఎంతో కాగితం మీద వేయండి. బీపీ, షుగరు మాత్రలు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో ఉచితంగా ఇస్తారు. జన ఔషధి దుకాణాల్లో అవే మందులు చాలా తక్కువకి దొరుకుతాయి. పెద్ద చికిత్సలకి, జనం నోట ఇంకా ఆరోగ్యశ్రీగానే ఉన్న ఎన్టీఆర్ వైద్య సేవ మీకు వర్తిస్తుందా అని ఆసుపత్రిలోని దాని కౌంటర్ దగ్గర అడగండి.

మెట్టు 8. సొంతంగా కాకపోతే

షుగరు ఉన్నవాళ్ళలో డిప్రెషన్ మిగతావాళ్ళ కంటే దాదాపు రెట్టింపు కనిపిస్తుంది. కాబట్టి సాయం అడగడం బలహీనుల వ్యవహారం కాదు, కాళ్ళు, కళ్ళు చూపించుకున్నట్టే ఇదీ చూపించుకోవాలి. రెండు ప్రశ్నలు వేసుకోండి. గత రెండు వారాల్లో ఎక్కువ రోజులు దిగులుగా, ఏ ఆశా లేనట్టు ఉందా? ఇదివరకు ఇష్టమైన పనుల మీద ఆసక్తి పోయిందా? ఒకదానికైనా అవునంటే మీ డాక్టరుకి చెప్పండి. "చచ్చిపోతే బాగుండు" అన్న ఆలోచన వస్తే రెండు వారాలు ఆగొద్దు, ఆ రోజే ఎవరికైనా చెప్పండి, ఒంటరిగా ఉండకండి. టెలీ మానస్ నంబరు 14416. ఇది కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన సేవ. ఉచితం, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడొచ్చు. గుంటూరు ప్రభుత్వ పెద్దాసుపత్రి (జీజీహెచ్)లోనూ, విజయవాడ ప్రభుత్వాసుపత్రిలోనూ, మంగళగిరి ఎయిమ్స్‌లోనూ మానసిక వైద్య విభాగాలున్నాయి. "పిచ్చి డాక్టరు దగ్గరికా?" అనేవాళ్ళకి చెప్పాల్సిన అవసరమే లేదు, మూడో వరసవాళ్ళు కదా. సైకియాట్రిస్టు అయితే మందులు కూడా రాస్తారు, సైకాలజిస్టు మాటలతో చికిత్స చేస్తారు. ఎవరి దగ్గరికెళ్ళినా ఇప్పటికే వాడుతున్న మందుల చీటీ పట్టుకెళ్ళండి, కొన్ని మందులు ఒకదానికొకటి పడవు.

మూడు నెలల రివ్యూ

నోట్‌బుక్, మొదటి అయిదు ప్రశ్నల కాగితం రెండూ తీసుకెళ్ళండి. ఆ కాగితం మీద పాత జవాబుల పక్కన కొత్తవి ముందు రోజే రాసుకోండి. ఇంకా ఖాళీగానో, భయంగానో ఉన్న ప్రశ్నే డాక్టరుని మొదట అడగాల్సింది. ఇకపై ఏడాదికోసారి ఏ పరీక్షలు చేయించాలో అడిగి తేదీలతో రాయించుకోండి. షుగరు అయితే కంటి వెనక పొర, మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రోటీన్, పాదాల స్పర్శ. ఈ తేదీలు దగ్గరపడే కొద్దీ మళ్ళీ మొదటి వారంలాంటి భయం వస్తుంది, ఏళ్ళు గడిచినా వస్తుంది. అందుకని పరీక్ష పొద్దున్నే మొదటి టోకెన్‌కి పెట్టుకోండి, రక్తం ఇచ్చాక టిఫిన్‌కి ఎవరో ఒకరిని తోడు పిలవండి. రిపోర్టు ఫోన్‌కి వచ్చినా డాక్టరు గారి ముందు కూర్చున్నాకే తెరవండి.